దొర ఫట్‌ఫటీకి నంబరు

1937వ సంవత్సరం. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ ఊరి జిన్నింగు ఫ్యాక్టరీ ఒకదానిలో నేను ఇంగ్లీషు గుమాస్తాను. జిన్నింగు అంటే పత్తి నుంచి గింజను వేరుచేసే పని. మా నాన్నగారు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవారు. మా వంశంలో బి.ఏ. చదివిన మొదటివాణ్ణి నేనే కావడం వల్ల, అచ్చయిన ఇంగ్లీషు కాగితం ఏదైనా సరే, దానికి ఒకే అర్థం ఉంటుందనీ, ఓపికగా చదివితే అది బయటపడుతుందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. నీల్సన్ దొర మోటారు సైకిలుకు రిజిస్ట్రేషను చేయించే పని నా మీద పడేవరకు ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

నీల్సన్ డెన్మార్కు దేశస్థుడు. ఆయిల్ ఇంజన్లు బిగించడంలో నిపుణుడు. మా సాహుకారు ఎమ్మిగనూరులో కొత్త శాఖ తెరవబోతూ, ఇంజను బిగించి నడిపించే పనికి ఆయనను రాయచూరు నుంచి పిలిపించారు. మార్కెట్టుకు కొత్త పత్తి బండ్లు వచ్చేలోగా ఆ ఇంజను తిరగాలని ఒప్పందం. ఆయన ఆదోనికి ఒక పెద్ద మోటారు సైకిలు మీద వచ్చాడు. రెండు సిలిండర్లు, పక్కన పనిముట్లు పెట్టుకునే సైడ్‌కారు. అది కదిలితే కోట కింది వీధుల్లో బర్రెలు తాళ్ళు తెంపుకొనేవి. జనం దానిని ఫట్‌ఫటీ అనేవారు. ఆయనకు ఈ దేశంలో ఇల్లు గాని, బంధువులు గాని లేరు. సొంత ఊళ్ళో తండ్రి వదిలిపోయిన చేపల పడవను అమ్మి ఆ బండి కొన్నానని ఒకసారి నాతో చెప్పాడు.

చిక్కు ఇక్కడ మొదలైంది. బండి రిజిస్టరైనది రాయచూరులో, అంటే నిజాం ప్రభుత్వంలో. తుంగభద్ర దాటి మా బ్రిటిషు వైపుకు వస్తే ఆ నంబరు చెల్లుతుందా, చెల్లదా? మోటారు బండ్ల నియమావళిని నేను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. ఒకచోట చెల్లుతుందన్నట్టు ఉంది. మరొకచోట, స్థిరంగా ఉండేవారికి చెల్లదన్నట్టు ఉంది. ఆయన ఆదోనిలో కొన్ని రాత్రులు, ఎమ్మిగనూరులో కొన్ని రాత్రులు పడుకుంటున్నాడు. దానిని స్థిరంగా ఉండటం అనవచ్చునా? రిజిస్ట్రేషను వ్యవహారం చూసే బళ్ళారి పోలీసు కచేరీకి రాస్తే, "మోటారు సైకిలుకు ఇంత శక్తి ఉండదు, ఇది మూడు చక్రాల కారేమో విశదపరచవలెను" అని జవాబు వచ్చింది. విశదపరిచాను. సైడ్‌కారు తీసివేస్తే దీనిని ఏమంటారని మళ్ళీ అడిగారు. తీసివేయబోమని రాశాను. ఆఖరుకు, బండిని బళ్ళారికి తెచ్చి తనిఖీ చేయించుకొని కొత్త నంబరు తీసుకోవలసిందనీ, లేకపోతే జిల్లాలో ఎక్కడ కనబడినా పట్టుకుంటామనీ తాఖీదు వచ్చింది.

సాహుకారు దానిని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవారు కారు.

"ఏమప్పా బీయే, అయితే బండి మనదా, వాళ్ళదా?"

"దొరదేనండీ. కాని నంబరు లేకపోతే తోలకూడదు."

"నువ్వు సదివిందంతా ఆ ఒక్క మాట సెప్పేదానికేనా?"

మహర్నవమి వెళ్ళిన మరుసటి వారం నీల్సన్, నేను ఆలూరు మీదుగా బళ్ళారికి ప్రయాణమయ్యాము. సైడ్‌కారులో నేను కూర్చున్నాను. ఆయుధపూజకు ఫ్యాక్టరీలో యంత్రాలతో పాటు దొర బండికి కూడా పూజ జరిగింది. హెడ్‌లైటుకు బంతిపూల దండ ఇంకా వేలాడుతూనే ఉంది. ఇంజను మీద అడ్డంగా విభూతి పట్టెలు, నడుమ కుంకుమ బొట్టు. వాటిని చెరపడానికి నీల్సన్ ఇష్టపడలేదు.

కచేరీ ఆవరణలో తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. బ్రేకులు, లైటు, హారను చూశాడు. తరువాత రాయచూరు కాగితాన్ని చేత పట్టుకొని ఇంజను నంబరు ఎక్కడని అడిగాడు. ఇంజను లోహం మీద గుద్ది ఉండే అంకెలవి. బండికి అదే గుర్తు. ఆ కాగితంలో ఇంకే గుర్తూ రాసి లేదు.

నీల్సన్ వంగి విభూతి ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. ఇన్‌స్పెక్టరు చేతిగుడ్డతో విభూతి తుడిచాడు. కింద నంబరు లేదు. అద్దంలాంటి నున్నని లోహం మాత్రం ఉంది.

"రెండో వైపేమో చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రెండో వైపు చూశాము. కింద పడుకొని చూశాము. నంబరు ఈ చోటనే ఉండేదని నీల్సన్ అంటాడు. ఉండేదైతే ఎక్కడికి పోయిందని ఇన్‌స్పెక్టరు అంటాడు. ఇద్దరి మాటలనూ ఒకరి నుంచి ఒకరికి చేరవేస్తున్న నాకు ఎవరు ఎవరిని అడుగుతున్నారో కూడా కాసేపటికి తోచలేదు. చివరకు ఇన్‌స్పెక్టరు గొంతు మారింది.

"చూడండి, ఇంజను నంబరు అరగదీసేది దొంగబండికేనండి. ఈ బండి ఇక్కడే ఉంటుంది. ఇది మీదని రుజువు తెచ్చుకోండి. తేకపోతే వేలం వేస్తారు."

 నీల్సన్ నా వైపు తిరిగి, "నంబరు లేకపోతే నేను కొన్న బండి నాది కాకుండా పోతుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నియమావళిలో జవాబు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఆయన బళ్ళారిలోనే ఆగిపోయాడు. నేను రైలెక్కి ఆదోనికి తిరిగివచ్చాను.

ఫ్యాక్టరీలో ఫిట్టర్ల మీద పెద్దగా వీరన్న మేస్త్రి ఉండేవాడు. వయస్సు మీద పడినా చేతికి వణుకు లేనివాడు. బండికి పూజ చేసింది ఆయనే కనుక, ఇంజను మీద అంకెలేమైనా చూశావా అని అడిగాను.

"అంకెలా? అవేం లేవు రైటరప్పా. ఆడ గాట్లుండె. ఎవడో పాపాత్ముడు ఉలితో కొట్టినట్టుండె, వంకరటింకరగా. గాటు పడిన ఆయుధాన్ని పూజలో పెట్టేది యాడన్నా ఉందా? ఆకురాయి పెట్టి రాసినాను. ఆమీద ఇటుకపొడితో తోమినాను. దొర సూసుకోనేలేదా?"

బళ్ళారికి పోయాకే దొర చూసుకున్నాడని చెప్పాను. ఆ గాట్లు ఏమిటో, అవి పోవడం వల్ల బండికి ఏ గతి పట్టిందో కూడా చెప్పాను. నాకు కోపం రావలసింది. కాని మా నాన్నగారు మహర్నవమికి ముందు, మగ్గంలో అడ్డనూలును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలను ఒక్కొక్కటే వేలితో తడిమి, అంచు చిట్లినదానిని పక్కకు తీసివేసి, గరుకైనదానిని నున్నగా రాసి పూజలో పెట్టడం నేను ఏటేటా చూసినవాణ్ణి. ఆ ఇంజను మా నాన్నగారి చేతికి వచ్చి ఉంటే ఆయన మాత్రం ఏమి చేసేవారు?

నీల్సన్‌కు తంతి ఇచ్చాను. నంబరు చెరిపింది మేస్త్రి అని ఇన్‌స్పెక్టరుకు రాసి ఇస్తే బండి దక్కవచ్చు. కాని నంబరు చెరపడం నేరం. వీరన్న జైలుకు పోవలసి రావచ్చు. మరునాడు నీల్సన్ దగ్గరి నుంచి జవాబు వచ్చింది. మేస్త్రి పేరు రాయవద్దని.

సాహుకారు అది విని పెదవి విరిచారు. "దొర మంచోడే. అయితే బండి పోతుందా?"

"పోతుందండీ."

"మేస్త్రి పేరు సెప్తే మేస్త్రి పోతాడు. సెప్పకుంటే బండి పోతుంది. నువ్వు సదివిన బుక్కులో మూడోది ఏమన్నా ఉందా సూడు."

మూడోది పుస్తకంలో లేదు. దానిని వీరన్నే తేల్చాడు. దొర తన పేరు దాచిపెట్టాడని తెలిసిన సాయంత్రం ఆకురాయిని గుడ్డలో చుట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"బళ్ళారికి ఎప్పుడు పోతాండావు రైటరప్పా? నేనూ వస్తా. నేను సేసిన పనికి ఆయన బండి ఎందుకు పోవల్ల?"

"జైల్లో పెడితే?"

"పెడితే ఆడ కూడా గానుగో మరొకటో తిరుగుతుంటుంది. దానికీ మేస్త్రి కావల్ల గదా."

కచేరీ ఆవరణలో ఆయన ఇన్‌స్పెక్టరు ముందు ఆకురాయి పెట్టి, జరిగినదంతా ఏమీ దాచకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నమ్మలేదు.

"నంబరును పట్టుకొని గాటు అంటావేమిటయ్యా?"

మేస్త్రి పక్కన నిలిపి ఉన్న పోలీసు లారీ వైపు చూశాడు. దాని ముందు భాగంలో కుంకుమ వెలిసిపోతూ ఉంది. చక్రం దగ్గర పగిలిన గుమ్మడికాయ ముక్కలు ఎండిపోయి ఉన్నాయి.

"మీరూ పూజ సేసుకున్నట్టుండారు, సామీ."

"చేశాం. మా లారీ నంబరును ఎవరూ అరగదీయలేదు."

"అది రంగుతో రాసింది గదా సామీ. రంగును ఎవరన్నా గాటంటారా? దీన్ని ఉలితో కొట్టినారు. మీ తుపాకికి ఆ మాదిరి గాటుంటే అట్లనే పూజ సేస్తారా?"

ఇన్‌స్పెక్టరు ఆకురాయిని తిప్పి తిప్పి చూశాడు. దాని పళ్ళలో తెల్లని లోహపు పొడి ఇంకా ఇరుక్కొని ఉంది. కుర్చీలో కూర్చొని చట్టం పుస్తకం తెరిచాడు, మూశాడు. తరువాత నన్ను పిలిచాడు.

"మీరు బి.ఏ. కదండీ. దొంగతనం చేయడానికి చెరిపితే ఏ సెక్షనో నాకు తెలుసు. దేవుడికని చెరిపితే ఏ సెక్షనండి?"

నేను వెతికాను. ఇద్దరమూ వెతికాము. దొరకలేదు. చివరకు ఆయన మేస్త్రి వాంగ్మూలం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. బండికి కచేరీ వారే కొత్త ఇంజను నంబరు ఇస్తారనీ, చెరిపినవాడే తన ఎదుట దానిని గుద్దాలనీ అన్నాడు. ఆ నిర్ణయం ఏ నియమం కింద చేశాడో నేను అడగలేదు. ఆయనకు తెలిసి ఉంటుందని కూడా అనుకోను.

అంకెల అచ్చులు, సుత్తి తెచ్చి ఇచ్చారు. వీరన్న ఇంజనుకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాడు. మొదటి అంకె అచ్చు మీద సుత్తి వేశాడు గాని లోహం మీద గీత కూడా పడలేదు.

"గట్టిగా కొట్టాలయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పూజ సేసిన సెయ్యి సామీ. లేస్తాలేదు."

నీల్సన్‌కు తెలుగు రాదు. అయినా ఆయనకు అర్థమైనట్టుంది. మోకాళ్ళ మీద కూర్చొని, అచ్చు జారకుండా తానే పట్టుకున్నాడు. దెబ్బ తప్పితే ఆయన వేళ్ళు నలిగిపోతాయి. వీరన్న ఆ వేళ్ళను ఒక క్షణం చూసి ఊపిరి బిగబట్టి కొట్టాడు. ఆ తరువాత ఒక్క దెబ్బ తప్పలేదు. అంకెలు పాతవాటి మాదిరి వంకర లేకుండా, నేత అంచులాగా వరుసగా పడ్డాయి.

కొత్త రిజిస్ట్రేషను కాగితం తీసుకొని తిరిగివచ్చేటప్పుడు సైడ్‌కారు మేస్త్రికి ఇచ్చి నేను వెనుక సీటు మీద కూర్చున్నాను. ఎమ్మిగనూరు ఇంజను పత్తి బండ్ల కంటే ముందే తిరిగింది.

విదేశాల నుంచి వచ్చినవారి యంత్రాలకు కాగితాలు చేయించే పని ఆ తరువాత కూడా నా మీద పడుతూ వచ్చింది. ఆ నియమాలు నాకు పూర్తిగా అర్థమయ్యాయని నేటికీ చెప్పలేను. ఒక్కటి మాత్రం అలవాటు చేసుకున్నాను. కొత్త యంత్రం గేటు దాటి లోపలికి రాగానే కాగితాల కంటే ముందు దానిని తుడిచేవారినీ, తోమేవారినీ పిలిచి, దాని మీది ప్రతి గుర్తునూ చూపించి, అది ఎందుకు ఉన్నదో చెబుతాను. ఇంతవరకు నియమం తెలిసినవారు వారికి ఆ మాట చెప్పడం నేను చూడలేదు.

ఆ మరుసటి ఏటి మహర్నవమికి దొర బండి మళ్ళీ పూజలో నిలిచింది. వీరన్న ఇంజనంతా విభూతి పూసి, నంబరు ఉన్నచోటు మాత్రం ఖాళీగా వదిలిపెట్టాడు. తరువాత కుంకుమలో వేలు ముంచి, ఒక్కొక్క అంకె కింద ఒక్కొక్క బొట్టు పెట్టాడు.