రెండు కిరాయిల ఇల్లు

మొన్న అక్క కూతురు ఫోన్ చేసి, కిరాయికి ఇవ్వడానికి విడి ఇల్లు మంచిదా, డూప్లెక్స్ మంచిదా అని అడిగితే, అడగనివాళ్లకు కూడా సలహాలిచ్చే నేను, మాట మార్చి ఫోన్ పెట్టేశాను.

తొంభైల మొదట్లో, నేను డిగ్రీ చదువుతుండగా నాన్న పోయారు. ఆయన ఆఫీసు నుంచి వచ్చిన డబ్బుతో ఒక ఇల్లు కొని, ఆ కిరాయి మీద మేమిద్దరం నారాయణగూడలో ఉంటున్న అద్దె వాటాలోనే గడుపుకోవాలని, అల్లుడి ముందు చెయ్యి చాపగూడదని అమ్మ పంతం. బావ అశోక్‌నగర్‌లో ఒక విడి ఇల్లు చూశాడు. అందులో కిరాయికున్న కుటుంబం ఇప్పట్లో ఖాళీ చేసేలా లేదు, నెలనెలా కిరాయికి ఢోకా ఉండదని అమ్మకూ నచ్చింది. నేనే కొననివ్వలేదు. బాగ్ లింగంపల్లి లైబ్రరీలో కూర్చుని తిరగేసిన ఏదో ఇంగ్లీషు పత్రికలో, డూప్లెక్స్ అంటే రెండు కుటుంబాలు వేరువేరుగా ఉండే ఇల్లని చదివాను మరి. చిక్కడపల్లి గల్లీలో డూప్లెక్స్ కడుతున్నారని తెలియగానే, ఒకరు ఖాళీ చేసినా రెండో కిరాయి ఆగదంటూ ఇంట్లో ఊదరగొట్టాను. చూడబోయిన రోజున ఇంకా మెట్లు కట్టలేదు, నిచ్చెనేసుకుని పైకెక్కాం. చదువుకున్న పిల్లను కదా, అమ్మ నా మాటే విన్నది.

రిజిస్ట్రేషన్ అయ్యాక వెళ్తే, హాలు నడుమ మెట్లు లేస్తున్నాయి. "డూప్లెక్స్ అంటే లోపల్నుంచే మెట్లుంటయి గద చెల్లె, అంతా ఒక్క ఫ్యామిలీకే," అన్నాడు మేస్త్రీ. బయటినుంచి మెట్లు వేద్దామంటే పక్కింటి గోడకూ మాకూ మధ్య జానెడు సందు లేదు. అమ్మ నావైపు తిరిగి, "నీ బుక్కుల మెట్లు బయటికున్నయా బిడ్డా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

అంత పెద్ద ఇల్లు ఒక్కరే తీసుకోవడం ఆ రోజుల్లో అరుదు, నెలలకు నెలలు ఖాళీగా ఉండేది. పోనీ మేమే ఉందామంటే తినేదేమిటి? చివరికి నారాయణగూడ వాటా ఖాళీ చేసి, బర్కత్‌పురలో అక్కావాళ్లింటికే చేరాం. బావ మంచివాడే, ఒక్కనాడూ మాట అనలేదు. అయినా ఆ ఇంట్లో అమ్మ రెండో కప్పు చాయ్ అడిగి ఎరగదు. నాకు ఉద్యోగం వచ్చేనాటికి అమ్మ లేదు.

ఇప్పుడు ఆ డూప్లెక్స్ సర్కారీ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్. మంచానికింతని కిరాయి, మెట్లు ఎక్కడున్నాయని అడిగేవాళ్లే లేరు. ఒకటో తారీఖు వచ్చిందంటే నాకు ఏ పనీ తోచదు. అమ్మకు కావలసిన కిరాయి అది, నా చేతికి వస్తోంది.