పది ఇరవై నుంచి పన్నెండున్నర దాకా

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేను పోస్ట్‌మన్ సైకిల్ ఎత్తి కంచె అవతల పారేశాను. గేటు దగ్గరే పెట్టి రమ్మని రెండుసార్లు చెప్పాను. వినకుండా తెచ్చి మా పరికరాల గది గోడకు ఆనించాడు. "రెండు నిమిషాలే కదమ్మా, ఏటవుద్ది?" అన్నాడు. ఏమవుతుందో నిదానంగా చెప్పే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. సైకిల్ హ్యాండిల్ వంకరపోయింది. ఆ తర్వాత ఆయన ఉత్తరాలన్నీ గేటు పక్క రాయి కింద పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఆ గది అడుగున భూమి అయస్కాంత శక్తిని కొలిచే సెన్సార్ ఉండేది. నిమిషానికో అంకె రాసేది. ఆ అంకెలన్నీ కలిపితే రోజుకో గీత. భూమి ప్రశాంతంగా ఉన్న రోజున ఆ గీత పొద్దుటి నుంచి మెల్లగా ఎక్కి, మధ్యాహ్నానికి కాస్త ఉబ్బి, సాయంత్రానికి దిగేది. చుట్టుపక్కలకి ఇనుము వస్తే మాత్రం భూమిని వదిలేసి ఇనుము సంగతి రాయడం మొదలుపెట్టేది. విశాఖపట్నం ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే ఊరు, ఉక్కు కరిగించే ఊరు. అలాంటి ఊరి చివర, కొండవాలులో, ఇనుము లేని రెండెకరాలు కాపాడటం నా పని.

గేటు దగ్గర ఒక చెక్క పెట్టె ఉండేది. లోపలికి వచ్చేవాళ్ళు తాళం చెవులు, వాచీ, బెల్టు, గొడుగు అన్నీ అందులో పెట్టాలి. నా జాకెట్లకి హుక్కులు పీకేసి గుడ్డ బొత్తాలు కుట్టుకున్నాను. చీరకి పిన్ను పెట్టుకునేదాన్ని కాదు. మల్కాపురం నుంచి కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో పైట, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వేలాడుతూ వచ్చేదాన్ని. ఆ బస్సులో చెయ్యి వేసిన ఒకడి వేలు వెనక్కి విరిచాను కూడా. వాడి కేక విని కండక్టర్ బస్సు ఆపేశాడు.

నెలాఖరుకి ఆ నెల గీతలన్నీ హెడ్డాఫీసుకి వెళ్ళేవి. మొదట్లో ఫ్లాపీలో, తర్వాత ఈమెయిల్లో. అక్కడి నుంచి దేశదేశాల కేంద్రాలకి. నేను పేరైనా పలకలేని ఊళ్ళో ఎవరో నా గీతని వాళ్ళ గీత పక్కన పెట్టి చూస్తారు. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఆ గీతే ఉండేది. ఇనుము వచ్చి గీత పాడైతే ఆ నిమిషాలు ఖాళీగా వదిలేసి 'ఖాళీ' అని గుర్తు పెట్టాలన్నది నియమం. పద్నాలుగు నెలలుగా మా దగ్గర నుంచి ఒక్క ఖాళీ వెళ్ళలేదు. హెడ్డాఫీసు వాళ్ళు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాన్ని బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను.

ఊడవడానికి వచ్చిన వాళ్ళు ఎవరూ నా నోటికి నిలబడలేదు, ఒక్క మనిషి తప్ప. జాలరిపేట నుంచి వచ్చేది. నా ఈడుదే. మొదటి రోజే పిన్నీసులు, ఇంటి తాళం చెవి తీసి పెట్టెలో వేసింది. చీపురుకి చుట్టిన ఇనపతీగ విప్పేసి కొబ్బరితాడుతో కట్టి తెచ్చింది. నేను చెప్పకుండానే. ఎలా తోచిందని అడిగాను.

"తెప్ప మీదకి సెప్పులతో ఎక్కనివ్వరు మేడం. ఇదీ అంతే కదా" అంది.

ఆ మాటతో ఆవిడ నాకు బాగా నచ్చేసింది.

ఆవిడ మొగుడు ఇతరుల పడవల మీద వేటకి వెళ్ళేవాడు. వేట లేని రోజుల్లో తాగి పెళ్ళాన్ని కొట్టేవాడు. మెడ మీద గోళ్ళ గాట్లు, మోచేతి దగ్గర కమిలిన మచ్చలు నేను చూసేదాన్ని. ఒక సోమవారం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. తియ్యమన్నాను. ముందు పన్ను లేదు, పై పెదవి రెండుగా చీలి ఉంది.

"ఏమయింది?" అన్నాను.

"తెడ్డుతో కొట్టినాడు."

ఆ మాట చెప్పి ఊడవడానికి వంగింది. నేల మీద ఎర్రగా చుక్కలు పడుతుంటే తనే గుడ్డతో తుడుచుకుంటూ పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే జాలరిపేట వెళ్ళి, నలుగురూ చూస్తుండగా వాణ్ణి నోటికి వచ్చినట్టు తిట్టాను. వాడు నవ్వాడు. నేను వచ్చేశాక ఆవిణ్ణి ఇసకలో పడేసి కాళ్ళతో తొక్కాడట. నాలుగు రోజులు పనికి రాలేదు. అయిదో రోజు డొక్క పట్టుకుని వచ్చింది.

"ఒక్కసారి తిరగబడు" అన్నాను. "ఒక్క దెబ్బ తిరిగి కొట్టి చూడు. జన్మలో మళ్ళీ చెయ్యెత్తడు."

ఆవిడ చీపురు తీసుకుని గదిలోకి వెళ్ళింది. కుర్చీలో కూర్చుని ఆ మాట అనడం నాకు తేలిక.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక నెల చివరి రోజు. తొమ్మిదింటికి వచ్చి, పిన్నీసులు పెట్టెలో వేసి, పరికరాల గదిలోకి వెళ్ళింది. నేను వంద అడుగుల దూరంలో ఉన్న ఆఫీసు గదిలో రాసుకుంటున్నాను. వాచ్‌మన్ గేటు వదిలేసి రోడ్డు అవతల టీ తాగడానికి వెళ్ళాడు. కాసేపటికి ఒక అరుపు వినిపించింది. మగ గొంతు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పరిగెత్తాను.

గది మెట్ల మీద ఆవిడ మొగుడు ముడుచుకుని పడి ఉన్నాడు. పొట్ట పట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి రక్తం ఉబికి వస్తోంది. తెల్ల సున్నం గోడ మీద చెయ్యి ఎత్తంత మేర చిమ్మింది. ఆవిడ ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీలి, లోపల తెల్లగా ఎముక కనిపిస్తోంది. కుడి చేతిలో చేపలు కోసే పొడుగు కత్తి. కాలితో వాడి భుజం తొక్కిపట్టి మళ్ళీ ఎత్తబోతోంది.

"ఒచ్చీసినాడు మేడం" అంది, ఊపిరి అందకుండా. "కత్తట్టుకుని ఒచ్చీసినాడు. సంపేత్తానన్నాడు. లాగీసుకున్నాను."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటకి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

"కత్తి బయట పెట్టు!" అని అరిచాను. "సెన్సార్ ఉంది, బయట పెట్టు!"

ఆవిడ నా వైపు చూసి, కత్తి పడేసి, నేల మీద కూలబడింది. నా పైట చింపి చేతికి కట్టాను. పోలీసులు వచ్చారు. బెల్టులు, బూట్లు, తుపాకీ, అన్నీ లోపలికి వచ్చాయి. వాళ్ళు వెళ్ళేసరికి పన్నెండున్నర.

వాడు బతికాడు. ఆసుపత్రిలో స్పృహ వచ్చాక, మాట్లాడదామని పిలిచి తనే తెచ్చుకున్న కత్తితో పొడిచిందని చెప్పాడు. గేటు వదిలి వెళ్ళానంటే ఉద్యోగం పోతుందని వాచ్‌మన్, తాను గేటు దగ్గరే ఉన్నానని, వాడు ఉత్త చేతులతో రావడం చూశానని రాసిచ్చాడు. ఆవిడ చేతికి కుట్లు పడిన మర్నాడే జైలుకి తీసుకెళ్ళారు.

ఇక ఇందులో నా వంతు. ఆ మధ్యాహ్నం రక్తం కడిగి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తొమ్మిది నుంచి పది ఇరవై దాకా గీత నున్నగా ఎక్కుతోంది. పది ఇరవైకి ఒక్కసారి ఎగిరి, అక్కడి నుంచి పన్నెండున్నర దాకా పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది. ఖాళీ అని గుర్తు పెట్టాలి. పెట్టలేదు. ముందు రోజు అంకెలు చూసి, ఆ రెండు గంటల పది నిమిషాల్లో భూమి ఏం చేసి ఉంటుందో నేనే లెక్క కట్టి నింపేశాను. భూమి దారి నాకు కంఠతా వచ్చునని పొగరు. పద్నాలుగు నెలల గొప్ప పదిహేనుకి చేరాలని ఆశ. ఇంకోటి కూడా ఉంది. ఆ ఉదయం అసలు జరగలేదని అనుకోవాలనిపించింది. అసలు అంకెలున్న ఫైలు మీదే సేవ్ చేసి, మర్నాడు పొద్దున్నే పంపేశాను. అసలు అంకెలు మరెక్కడా లేవు.

మూడు వారాల తర్వాత, కోర్టు ఆవిడకి ఏర్పాటు చేసిన వకీలు మా ఆఫీసుకి వచ్చాడు. కత్తి ఎవరు తెచ్చారో చూసినవాళ్ళు ఉన్నారా అని అడిగాడు.

"చూసింది ఉంది" అంటూ కంప్యూటర్ వైపు తిరిగాను. తిరిగాక గానీ నేను చేసిన పని ఏమిటో నాకు తట్టలేదు.

ఆవిడ తొమ్మిదింటి నుంచి సెన్సార్‌కి రెండు బారల దూరంలో ఊడుస్తోంది. నడుముకి కత్తి ఉంటే గీత తొమ్మిదింటికే ఎగిరేది. ఎగరలేదు. వాడు వచ్చిన పది ఇరవైకి ఎగిరింది. ఆ ఎగిరినదాన్ని నేనే చెరిపేశాను. తొమ్మిది నుంచి పది ఇరవై దాకా ఉన్న ముక్క మాత్రం ముట్టుకోలేదు. అదొక్కటే మిగిలింది.

"నింపిన సంగతి చెప్పకండి, ఆ ముక్క చాలు" అన్నాడు వకీలు, అంతా విని. చెప్పక తప్పదన్నాను. కత్తి ఆ గది మెట్ల దగ్గరే దొరికిందని అందరికీ తెలుసు. అది ఉన్న గంటల్లో కూడా గీత నున్నగా ఉందంటే, చూసినవాడెవడైనా అడుగుతాడు.

కోర్టులో పోలీసుల తరఫు వకీలు ఆ రోజు గీత అచ్చువేసిన కాగితం రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇందులో కొంత మీరు చేత్తో రాసిందేనా?"

"అవును. పది ఇరవై తర్వాతది."

"ఇది సరైనదేనని మీరే ప్రపంచానికి పంపారా?"

"పంపాను."

"అప్పుడు అబద్ధం చెప్పారు. ఇప్పుడు మొదటి ముక్క నిజమంటున్నారు. ఏ మాట నమ్మాలమ్మా?"

జడ్జిగారు కాగితం పక్కన పెట్టేశారు. బోనులో ఆవిడ కుట్లు పడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. మూడేళ్ళు వేశారు.

బయట వరండాలో వాచ్‌మన్ కనిపించాడు. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. ముక్కు పగిలి నా చేతి మీదకి రక్తం కారింది. కానిస్టేబుల్ వచ్చి నన్ను జుట్టు పట్టి లాగేదాకా వదల్లేదు. వాచ్‌మన్ తిరిగి కొట్టలేదు. ముక్కు తుడుచుకుంటూ అన్నాడు, "మీరు మీ గీత కోసం, నాను నా నౌకరీ కోసం. ఏటి తేడా మేడం?"

ఆ సాయంత్రమే అన్ని కేంద్రాలకీ రాశాను. ఫలానా రోజు పది ఇరవై నుంచి పన్నెండున్నర దాకా మా అంకెలు అబద్ధం, నేను కల్పించినవి, తీసెయ్యండి అని. నాకు మెమో వచ్చింది. కేంద్రాల వాళ్ళు ఒక్క వాక్యంలో ధన్యవాదాలు చెప్పి, మర్నాటికల్లా అక్కడ ఖాళీ పెట్టేశారు. ప్రపంచం కోసం నా తప్పు దిద్దడానికి ఒక్కరోజు పట్టింది.

జైలుకి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నన్ను చూడనంది. విడుదలైందని తెలిశాక జాలరిపేట వెళ్ళాను. ఒడ్డున కూర్చుని వంజరం ముక్కలు కొడుతోంది. ఎడమ చేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. చేపని అరచేత్తో నొక్కిపట్టి కోస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. తలెత్తలేదు.

"తొమ్మిది నుంచి పది ఇరవై దాకా ఉన్నది నిజమేనా?" అంది.

"నిజమే."

"మరి తరవాతది ఎందుకు నింపీసినావు?"

అంతవరకూ నన్ను ఎప్పుడూ నువ్వు అనలేదు.

"నెలలో ఖాళీ ఉండకూడదని" అన్నాను.

కత్తి పక్కన పెట్టింది. లేచి, బలంకొద్దీ నా చెంప మీద కొట్టింది. చెవి గింగురుమంది. చెంపకి పొలుసులు అంటుకున్నాయి. జీవితమంతా చెయ్యెత్తిన దాన్ని, ఒకరి చేతి దెబ్బ తినడం అదే మొదలు. కదల్లేదు. ఇంకోటి కొట్టినా బాగుండుననిపించింది.

ఆవిడ మళ్ళీ కూర్చుని కత్తి తీసుకుంది.

"ఖాళీగా ఒగ్గీవలసింది" అంది. "ఖాళీ ఉన్నా నాను బయటుండేదాన్ని."