సెల్ షాపులో ఎక్కించిన చావు

ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గర సెల్ షాపుల్లో అప్పట్లో పాటలతో పాటు చావులు కూడా ఎక్కించేవాళ్లు. మెమరీ కార్డు ఇస్తే సినిమా పాటలు, కామెడీ బిట్లు, వాటి అడుగున ఎవరూ అడగని మెక్సికో వీడియోలు. అక్కడి మత్తుమందుల ముఠాలు మనుషుల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి పీకలు కోసి, తామే వీడియో తీసి నెట్‌లో పెట్టేవి. మా షాపువాడు వాటిని ‘స్పెషల్’ అనేవాడు. వాడి నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, వాటిలో ఒకటి బ్లూటూత్‌లో ఫోను నుంచి ఫోనుకు పాకింది. ఎవడో అందులోని పరాయి భాష మాటలు తీసేసి పాట అతికించి, ‘మన స్టూడెంట్‌ను ఆంధ్రోళ్లు కోసిన్రు’ అని పేరు పెట్టాడు. మేము గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. మా ఇంట్లో కింది వాటాలో నల్గొండవాళ్లు కిరాయికి ఉండేవారు. కాలేజీలో చదివే వాళ్లబ్బాయి ముందురోజు ర్యాలీకి వెళ్లి తిరిగి రాలేదు. ఫోను కలవడం లేదు.

వీడియోలో ఉన్నది వాడేనంటూ మధ్యాహ్నానికి గుంపు మా గేటు విరగ్గొట్టింది. బతిమాలబోయిన నాన్న నుదురు రాయి తగిలి చిట్లింది. కింద పడ్డాక కూడా తన్నారు. నోటి నుంచి రక్తం, రక్తంలో పన్ను. “అది మెక్సికోది, నా కార్డులోనూ ఉంది!” అని అరిచాను. ఎవడు వింటాడు? నా చెంప పగిలింది.

అప్పుడు కింది వాటా ఆంటీ బయటికొచ్చింది.

“ఆగున్రి. గా పిలగాడు నా కొడుకేనా? నన్ను సూడనియ్యున్రి.”

“నువ్వు సూడలేవు పెద్దమ్మా,” అన్నాడు ఫోను పట్టుకున్నవాడు. ఆమె గుంజుకుంది.

చూసింది. గొంతు మీద కత్తి ఆడటం, రక్తం ఎగజిమ్మడం, కాళ్లు కొట్టుకోవడం, తెగిన తలను జుట్టు పట్టి ఎత్తడం, అన్నీ. కొడుకు చెవి వెనక పుట్టుమచ్చ కోసం వెతుకుతోంది. సరిగా కనపడలేదేమో, మళ్లీ మొదటి నుంచి పెట్టించింది.

“నా కొడుకు గాదు,” అంది. “గా సారును ఇడిసిపెట్టున్రి.”

గుంపు సణుక్కుంటూ కదిలింది. నాన్నను దవాఖానకు తీసుకెళ్లాం.

సాయంత్రం ఆ అబ్బాయి పోలీస్ స్టేషన్ నుంచి తలకు కట్టుతో వచ్చాడు. ఆంటీ వాడి చెవి మడిచి పుట్టుమచ్చ చూసుకుని అక్కడే కూలబడింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని పక్కన కూర్చున్నాను.

“గా పిలగాని తల్లి గూడ గిట్లనే ఫోన్ల సూసిందా, బిడ్డా?” అని అడిగింది.