నా టిఫిన్ డబ్బాలో పిస్తోలు

నా చిన్నప్పుడు పెరుగన్నమంటే ప్రాణం పెట్టేదాన్ని. ఇప్పుడు ముట్టను. భోజనాల్లో పెరుగు గిన్నె నా వైపు వస్తుంటేనే చెయ్యి కడుక్కోవడానికి లేచిపోతాను. పెద్దావిడకు పడదేమో పాపం అనుకుంటారు చూసినవాళ్ళు. పడకపోవడమేమీ లేదు, రాళ్ళు తిన్నా అరుగుతాయి నాకు. అసహ్యం, అంతే. ఆ అసహ్యం పెరుగుమీదది కాదు, అరచేతిలో పట్టేంత ఒక పాడు పిస్తోలుమీదది. అది చెప్పాలంటే నా పదో ఏటికి పోవాలి.

మేమప్పుడు నజ్రాన్‌లో ఉండేవాళ్ళం. సౌదీకి దక్షిణపు కొస, కొండలు దాటితే యెమెన్. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. మా నాయన అదే ఆసుపత్రిలో జనరేటర్లు చూసుకునే టెక్నీషియన్. కడప జిల్లా నుంచి అంత దూరం వచ్చామే తప్ప ఇంట్లో మాట, కూర, కోపం అన్నీ కడపవే. శుక్రవారం నాయనకు సెలవు, అమ్మకు మాత్రం చాలాసార్లు డ్యూటీ ఉండేది. ఊరి బయట ఖర్జూరం తోట ఉన్న ఒక ముసలాయన బావిమోటారు చెడిపోతే నాయన సెలవు రోజున వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ముసలాయన గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసి, ఖర్జూరాలు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

అట్లా ఒకరోజు ముసలాయన తన పెట్టెలోంచి ఆ పిస్తోలు తీసి చూపించాడు. మా తాతల కాలం నాటి విదేశీ సరుకు. చొక్కా జేబులో పడితే బరువు కూడా తెలియనంత చిన్నది. పిడికి ముత్యపుచిప్ప అతికించి ఉంది. పైన పూసిన తెల్లటి పూత అక్కడక్కడా లేచిపోయి నల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. మనవాళ్ళ మర్యాద ఎట్లాంటిదో తెలుసు కదా. ఎవరైనా తమ వస్తువు చూపిస్తే ఆహా ఓహో అనకపోతే వాళ్ళు నొచ్చుకుంటారని మన భయం. నాయన ఆహా అన్నాడు, ఓహో అన్నాడు, చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి ఇంకోసారి ఆహా అన్నాడు. అక్కడి పాతకాలపు పెద్దలకేమో వచ్చినవాడు అంతగా పొగిడిన వస్తువును ఇవ్వకుండా పంపడం నామోషీ. ముసలాయన పిస్తోలును, తూటాల సంచిని నాయన చేతిలో పెట్టి, గుప్పిట మూసి, ఇంక నీదే పొమ్మన్నాడు. వద్దంటే అవమానం. ఇకామా అనే అనుమతి కాగితం మీద బతికే పరదేశి దగ్గర తుపాకీ దొరికితే జైలు, ఆ తర్వాత దేశం నుంచి గెంటివేత. ఈ సంగతి నాయనకు బాగా తెలుసు. అయినా తెచ్చాడు. సరే, ఆ పూట మొహమాటపడ్డాడనుకుందాం. మరుసటి వారం తిరిగి ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వలేదు. మోజుపడ్డాడు.

దాన్ని కారు సీటు కింద గోనెపట్టాలో దాచాడు. అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లోకి తెచ్చి, కుట్టుమిషను నూనె పోసి, పాత బనియను గుడ్డతో రుద్దేవాడు. నన్నెప్పుడైనా అంత ముద్దుగా చూశాడా అనిపించేది. శుక్రవారాల్లో నన్ను కారెక్కించుకుని ఎండిపోయిన వాగులోకి తీసుకుపోయి, పాలపొడి డబ్బాలు వరుసగా పెట్టి కాల్చేవాడు. పదడుగులు దాటితే ఆ బొమ్మ తుపాకీకి గురే లేదు. సగం తూటాలు పేలేవి కావు. పేలినప్పుడల్లా వెనక్కి దూసుకొచ్చే ఇనుప పలక ఆయన బొటనవేలి పక్కనున్న మెత్తటి తోలును కోసేది. రక్తం కారుతుంటే ఊదుకుంటూ ఇకిలించేవాడు. నలభై ఏళ్ళ మనిషి!

ఒకసారి బండమీద ఎండ కాచుకుంటున్న ఉడుమునొకదాన్ని కాల్చాడు. అక్కడ దాన్ని ధబ్ అంటారు. పాపం, అది చావలేదు. వెనక కాలు ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది. లోపల ఏమైందో చూడను కూడా లేదు ఆయన, "తగిలింది చూసినావా పాపా!" అని చప్పట్లు కొట్టాడు. తర్వాత నా చేతికిచ్చి ఒకటి కాల్పించాడు. చెవుల్లో హోరు, మణికట్టులో నొప్పి. ఎగిరిన ఖాళీ తూటా గొట్టం మెడ దగ్గర గౌనులోకి పడి చురుక్కుమని కాల్చింది. అయినా బాగుందని చెప్పాను. నాయన మొహం అంత వెలిగిపోతుంటే కాదనలేకపోయాను.

అసలు రోత ఇక్కడ మొదలవుతుంది. వాగు నుంచి, ముసలాయన తోట నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో చెక్‌పోస్టు ఉంది. అది దగ్గరపడే ముందు నాయన కారాపి, నా బడి టిఫిన్ డబ్బా తీసేవాడు. స్టీలుది, లోపల పైపళ్ళెం ఉన్నది. కింద గుడ్డలో చుట్టిన పిస్తోలు, పైపళ్ళెంలో రెండు రొట్టెముక్కలు. మూతపెట్టి నా ఒళ్ళో పెట్టేవాడు. "పోలీసాయన చూస్తే నవ్వు పాపా. ఆడపిల్లల సంచీ ఈడ ఎవరూ ఎతకరు" అనేవాడు. నేను నవ్వేదాన్ని. నాలుగు శుక్రవారాలు నవ్వాను.

అయిదో శుక్రవారం ఉన్నది కొత్త పోలీసు, కుర్రవాడు. నాయన కాగితాలు చూసి ఇచ్చేశాక కిటికీలోంచి నన్ను పలకరించాడు. డబ్బా చూపించి, ఏం తెచ్చుకున్నావని అరబ్బీలో సరదాగా అడిగాడు. మూత తీశాను. రొట్టె కనిపించింది. కింద ఏముందన్నట్టు పైపళ్ళెం అంచును వేలితో తట్టాడు. నాయన నా వైపు తిరగకుండా రోడ్డువైపే చూస్తున్నాడు. "రుజ్, లబన్" అన్నాను. అన్నం, పెరుగు. అని నవ్వాను. వాడూ నవ్వి, జేబులోంచి చూయింగ్ గమ్ తీసి నాకిచ్చి పొమ్మన్నాడు. నాలుగు గజాలు దాటాక నాయన నా తల నిమిరి "శెభాష్, నా బంగారు!" అన్నాడు. థూ! ఆ శెభాష్ నా నెత్తిమీద ఎంగిలిలా పడింది. నమ్మి నవ్విన మనిషికి నేను అబద్ధం చెప్పాను, దానికి నాకు మెప్పు. ఆ గమ్ నోట్లో పెట్టుకోలేక కిటికీలోంచి పారేశాను.

మర్నాటి నుంచి బడిలో డబ్బా మూత తీస్తే కుట్టుమిషను నూనె వాసన. అమ్మ తోమినా పోలేదో, నా ముక్కుకే అంటుకుందో తెలియదు. అమ్మ కలిపి పెట్టిన పెరుగన్నం కలిపినట్టే ఇంటికి తెచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. కుట్టుమిషను దగ్గరికి పోయి నూనె బుడ్డి ఊపి చూసింది. తర్వాత నన్ను కూర్చోబెట్టుకుని అడిగింది. అంతా చెప్పేశాను. చెబుతూనే వాంతి చేసుకున్నాను. అమ్మ నా మూతి తుడిచి, నన్ను పడుకోమని చెప్పి వంటింట్లోకి పోయింది. నేను పడుకోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాను.

నాయన భోజనానికి వచ్చాడు. అమ్మ కంచం పెట్టలేదు. అదే డబ్బాలో వేడన్నం, పెరుగు కలిపి ఆయన ముందు పెట్టింది. ఆ డబ్బా అడుగున, నాకు తెలుసు, నూనె బుడ్డిలోంచి రెండు చుక్కలు వేసింది. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏం, ఆగినారే? పాప దినామూ తినే డబ్బానే అది. తినండి."

అమ్మ ఆయన కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలి పక్కన గాయాన్ని వెలుతురుకు తిప్పింది. "పంపు బెల్టు కోసిందని చెప్పినారే. పెండ్లిండ్లలో గాల్లోకి కాల్చుకునేటోళ్ళు ఇట్లాంటి కోతలతోనే మా వార్డుకు వస్తారు. పది చేతులకు కట్టు కట్టినాను, నాకు తెలీదా? మిమ్మల్ని జైల్లో ఏస్తే ఏస్తారు. మమ్మల్ని ఊరికి పంపిస్తే పంపిస్తారు. అది వదిలేయండి. బిడ్డను అడ్డం పెట్టుకునేదానికి చేతులెట్లా వచ్చినాయి మీకు?"

నాయన రెండో ముద్ద ఎత్తాడు, నోటిదాకా తెచ్చాడు, లేచి సింకు దగ్గరికి పరుగెత్తాడు. కక్కుకుని, మొహం కడుక్కుని, తల దించుకుని వచ్చాడు. ఇప్పుడే తిరిగి ఇచ్చేసి వస్తానన్నాడు. అని, అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. పాపను తోడు తీసుకుపోతానన్నాడు! ఆ మాట వచ్చాక ఆయనకే సిగ్గేసిందనుకుంటాను, వెంటనే నోరు మూసుకున్నాడు.

అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. "మీదే కదా. మీ జేబులో పెట్టుకొని పోండి" అంది.

పోయాడు. సాయంత్రపు అస్రు నమాజు పిలుపు వినిపించింది, పొద్దుగూకాక మగ్రిబ్ పిలుపు కూడా వినిపించింది. అమ్మ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. తాను చేసింది తప్పా ఒప్పా అని ఆ మూడు గంటలు ఎంత నలిగిపోయిందో, ఆమె చెంగు చివర చూస్తే తెలిసింది, పీచుపీచు చేసేసింది. కారు చప్పుడు వినగానే కిందికి కూలబడింది. నాయన చొక్కా చెమటకు వీపుకంటుకుపోయి ఉంది. పోయేటప్పుడు చెక్‌పోస్టులో అదే కుర్రవాడు ఉన్నాడట. పాప రాలేదా అని అడిగాడట.

ముసలాయన ఏమన్నాడని అమ్మ అడిగింది. మా ఇంటామె ఒప్పుకోలేదని నాయన చెబితే ముసలాయన నవ్వాడట. "మా ఇంట్లో ఆమె కూడా ముప్పై ఏళ్ళుగా ఒప్పుకోలేదు, పొగిడేవాడు దొరికితే అంటగట్టాను" అన్నాడట. ఇది చెప్పి నాయన మమ్మల్ని నవ్వించబోయాడు. మేమెవరమూ నవ్వలేదు.

నాకు కొత్త ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. పాతదాన్ని అమ్మ పారేయనివ్వలేదు. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాయన జనరేటరు గదికి అందులోనే అన్నం తీసుకుపోయాడు. ఒక్కనాడూ మారు మాట్లాడలేదు. ఆయనను నేను క్షమించింది ఆ డబ్బా చేతిలో పట్టుకుని పోతుండగా వెనకనుంచి చూసే, ఆయన చెప్పిన ఏ మాటకూ కాదు.

ఇప్పుడు మా అమ్మాయి సౌదీలోనే అల్ ఖోబర్‌లో ఉంటుంది. ఏడాదికోసారి వెళ్ళి వస్తాను. మొన్న హైదరాబాదు విమానాశ్రయంలో అదే విమానమెక్కబోతున్న, మా అల్లుడికి తెలిసినాయన ఒకాయన, మంచి చొక్కా, మంచి మాట, నా పక్కన చేరి గట్టిగా టేపు చుట్టిన పొట్లమొకటి తీశాడు. "పిన్నిగారూ, ఇది మీ బ్యాగులో పడేసుకోండి. పెద్దవాళ్ళ బ్యాగు ఎవరూ చూడరు" అన్నాడు. అందులో ఏముందో నేను అడగలేదు. యాభై ఏళ్ళ నాటి కుట్టుమిషను నూనె ముక్కుకు గుప్పున కొట్టింది. ఆయన నవ్వుతూ ఉన్నాడు, నన్నూ నవ్వమన్నట్టు. నేను నవ్వలేదు.

"నీదే కదా నాయనా, నీ జేబులో పెట్టుకొని రా" అన్నాను.