మొరిత గారిని కుక్కకు ఇచ్చేసిన వైనం

ఒక్క అక్షరంతో మిల్లు బేరాన్ని బూడిదపాలు చేసినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దగ్గరికి రండి, తనివితీరా చూడండి. ఆ ఘనుణ్ని నేనే. ఆ అక్షరం ‘ని’. ఇప్పటికీ ఎవరైనా ‘ని’ అంటే నా గుండె కల్లంలో కందిగింజలా ఎగిరిపడుతుంది.

యాభైల నాటి మాట. ఆదోనిలో వీరభద్రప్ప గారి పత్తి మిల్లులో గుమాస్తాగా కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒకనాడు యజమాని అందర్నీ పిలిచి, “దూది కొనేదానికి జపాను నుంచి మొరిత అనే ఆయప్ప వస్తాండాడు. ఆయప్పకు ఇంగ్లీషు రాదంట. మాట్లాడేదెట్లరా?” అన్నారు.

“నేను మాట్లాడతా అప్పా!” అన్నాను. నోరు నాదే, బుద్ధి మాత్రం ఎవరిదో తెలియదు.

ఆదోనిలో జపాను భాష నేర్పేదెవరని నవ్వకండి. బజారులో దర్జీ ఖాసిం సాబు ఉన్నాడు. యుద్ధకాలంలో రంగూనులో జపాను సిపాయిలకు బట్టలు కుట్టినవాడు. నేను పోయి ఆయన మిషను పక్కన కూలబడ్డాను.

“సూడు బేటా, మన తెలుగు మాదిరే. మాట ఎనకాల తోక తగిలిస్తే సాలు. ‘తొ’ అంటే ‘తో’. నీతో, నాతో.”

“అచ్చం తెలుగే చాచా!”

“‘నెకొ ని మిజు ఓ అగెమస్.’ పిల్లికి నీళ్లు ఇస్తా. ‘ని’ అంటే మన ‘కి’. ‘ఓ’ అంటే మన ‘ని’.”

ఇక్కడే నా తెలివి పురివిప్పింది. “అదెట్ల చాచా? ‘తొ’ అంటే ‘తో’ అయినప్పుడు, ‘ని’ అంటే ‘ని’ కావల్ల గదా?”

“జపానోళ్లను అడుగు బేటా, నాకేం తెల్సు? వాళ్లు అనేది అంతే.”

పాపం, ముసలాయనకు మతి తప్పిందనుకున్నాను. ఇంటికి పోతూ దారిలోనే ఆ రెండు తోకలనూ తారుమారు చేసి జపాను భాషను సరిదిద్దేశాను. అల్పుడికి నాలుగు జపాను ముక్కలొస్తే మిట్టమధ్యాహ్నం దివిటీ పట్టమంటాడు. నేను పట్టించుకున్నాను కూడా. మిల్లంతా నన్ను ‘జపాను రామాంజి’ అంటుంటే వద్దనలేదు.

మొరిత గారు రానే వచ్చారు. సన్నటి మనిషి, తెల్లటి సూటు, మాటకో వంగి దండం. యజమాని చూపిన మేలురకం దూదిని వేళ్లతో సాగదీసి చూసి తలూపారు. బేరం కుదిరినట్టే. ఇంతలో మిల్లు కుక్క భైరవి పిల్లల్లో ఒకటి వచ్చి ఆయన బూటు నాకింది. ఆయన దాన్ని ఎత్తుకొని మురిసిపోయారు.

యజమాని పొంగిపోయి, “ఒరే రామాంజీ, ఆ కుక్కను ఆయప్పకు ఇస్తామని సెప్పు!” అన్నారు.

నేను గొంతు సవరించుకొని, “అనత ఓ ఇను ని అగెమస్!” అన్నాను.

అనత అంటే మీరు, ఇను అంటే కుక్క. నా లెక్కలో ‘మీకు కుక్కని ఇస్తాం’. జపాను లెక్కలో ‘మిమ్మల్ని కుక్కకు ఇస్తాం’.

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. తన రొమ్ము మీద వేలు పెట్టుకొని, “వాతాషి ఓ? ఇను ని?” అన్నారు. నన్నా? కుక్కకా?

“హై! హై!” అన్నాను ఉత్సాహంగా. అంటే అవునవును అని.

సరిగ్గా అప్పుడే, తన పిల్ల పరాయి చేతిలో ఉండటం చూసిన భైరవి దూడంత ఒళ్లు వేసుకొని మొరుగుతూ వచ్చింది. మొరిత గారు పిల్లను వదిలి, పక్కనున్న దూది కుప్ప మీదికి ఉడుతలా ఎగబాకారు.

“ఏం సెప్పినావురా ఆయప్పకు?” అని యజమాని అరిచారు.

“కుక్కను ఇస్తామనే సెప్పినా అప్పా!”

“అట్లయితే ఎందుకురా పైకెక్కినాడు? అది ఏమీ సేయదని సెప్పు!”

‘తబెమసెన్’ అనాలి, అంటే తినదు అని. భయంలో చివరి ‘ఎన్’ ఎగిరిపోయింది. చేతులు అడ్డంగా ఊపుతూ, “ఇను తబెమస్! తబెమస్!” అని అరిచాను. కుక్క తింటుంది, తింటుంది! ఆయన ఇంకా పైకెక్కారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆదోని నేల గట్టిది, చీలలేదు.

ఎవరో పరుగున పోయి, సంగతి చెప్పి ఖాసిం సాబును తెచ్చారు. మెడలో టేపుతోనే వచ్చిన ఆయన నావైపొక చూపు చూసి, పైకి కేకేశాడు: “అనత ని ఇను ఓ అగెమస్!”

పైన అలికిడి ఆగింది. తరువాత నవ్వు వినిపించింది. హమ్మయ్య అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ పెనుగులాటలో మొరిత గారు మోకాళ్లదాకా కుప్పలో దిగబడ్డారు. పైపొర మల్లెపువ్వు, కింద ఆకుచెత్త, తడి. ఆయన గుప్పెడు చెత్త దూది పట్టుకొని కిందికి దిగారు. దాన్ని యజమాని చేతిలో ఎంతో మర్యాదగా పెట్టి, వంగి దండం పెట్టి, సాయంత్రం రైలెక్కిపోయారు. దూదీ కొనలేదు, కుక్కపిల్లనూ తీసుకోలేదు.

మర్నాడు యజమాని పిలిచినప్పుడు, నా పని అయిపోయిందని కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను.

“రామాంజీ, ఎమ్మిగనూరులో మన నూలు అంగడి ఉంది. ఆడ మాట్లాడే పని లేదు, మూటలు ఎత్తితే సాలు. బాగా విను. నిన్ను ఎమ్మిగనూరుకు పంపుతాండా. ఎమ్మిగనూరును నీకు పంపుతాననలే. తెలిసిందా?”

“తెలిసింది అప్పా.”

“ఏం తెలిసిందో సెప్పు.”

“ఎమ్మిగనూరు... నన్ను... కి...” అంటూ ఏడ్చేశాను.

‘ని’ తొక్కనేల, మూట మొయ్యనేల? ఎమ్మిగనూరు పోయే బస్సులోనే మా ఇలవేల్పు మీద ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో కుక్కని మనిషికి గానీ, మనిషిని కుక్కకి గానీ, ఏ భాషలోనూ ఇవ్వను. మరీ తప్పకపోతే రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, నోరు మూసుకొని, నేనే అక్కణ్నుంచి వెళ్లిపోతాను.