దాంట్ల గాలున్నది

1984 ఎండాకాలం. వరంగల్లులో తాగునీటి విభాగం జూనియర్ ఇంజనీరుగా ఊళ్ళల్లో బోర్లు వేయించే పని నాది. ఆసియాలోని కొన్ని ప్రభుత్వాలు కలిసి నడుపుకునే ఒక సంస్థ ఆ ఏడు మా జిల్లాకు చేతిపంపులు ఇచ్చింది. ఒక దేశంలో కుదిరిన పద్ధతిని పక్క దేశానికి నేర్పించడం ఆ సంస్థ పని. అట్లా శ్రీలంక నుంచి కుసుమ అనే ఇంజనీరు మాతో తిరగడానికి వచ్చారు.

మరిపెడ దగ్గర ఒక ఊళ్ళో కొత్త బోరింగ్ నీళ్లు ఎవరూ ముట్టడం లేదని కబురొచ్చింది. అందరూ దిగుడుబావి నీళ్లే తాగుతున్నారట. ఆ నీళ్లతోనే నారికురుపు వస్తుంది. కాలు పగిలి, దారంలాంటి పురుగు బయటికొచ్చే పాడు రోగం. లచ్చమ్మ అనే కూలీ మనిషి పెద్దబిడ్డ అప్పటికే మంచం పట్టింది. చిన్నదానికైనా రాకూడదని మా ఆరాటం.

"పిల్లకు బోరింగ్ నీళ్లు తాపొచ్చు కదమ్మా?" అన్నాను.

"ఎట్ల తాపాలె సారూ? దాంట్ల గాలున్నది."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. పైపు జాయింట్ వదులైతే పంపు గాలి పీలుస్తుంది. కుసుమగారికి "ఎయిర్" అని చెప్పాను. పైపులన్నీ పైకి లాగి, వాషర్లు మార్చి, మళ్లీ దించాం. నీళ్లు ధారగా దూకాయి. ఒక్క ఆడమనిషీ బిందె పట్టుకుని రాలేదు.

మిట్టమధ్యాహ్నం నేను, కుసుమగారు, లచ్చమ్మ ఆ పంపు దగ్గరే నిలబడి ఉన్నాం. హ్యాండిల్ ఎవరూ ముట్టుకోలేదు. పంపు లోపలి నుంచి మూలుగు వినిపించింది. ఆగింది. ఊపిరి పీల్చుకున్నట్టు చప్పుడై, మళ్లీ మొదలైంది. బయట గాలి ఒత్తిడి మారితే లోతైన బోరు గాలి వదలడం, పీల్చడం మామూలే. ఆ సంగతి తెలిసీ రెండడుగులు వెనక్కి వేశాను.

కుసుమగారు లచ్చమ్మ ముఖం చూసి, "ఈమె చెప్పేది ఎయిర్ కాదు. మా ఊళ్ళల్లోనూ ఇట్లాంటి భయం ఉంది. ఇక్కడ ఎవరు చనిపోయారో అడగండి," అన్నారు.

గాలంటే దయ్యమని అప్పుడు వెలిగింది నాకు. అడిగాను. లచ్చమ్మ కళ్ళల్లో నీళ్లు తిరిగాయి.

"మా చెల్లె సారూ. కాన్పు కష్టమైతే దవాఖానకు తీస్కపోతాన్నం. ఈడికి రాంగనే బండిల్నె పానం ఇడిసింది. నీళ్లు, నీళ్లు అనుకుంటనే పోయింది. మీ లారొచ్చి గీడనే బోరేసింది. మమ్ముల అడిగినోళ్లెవరు?"

నాకు తల కొట్టేసినట్టయింది. తమ దగ్గర బోరు చోటు ఊరివాళ్లే చూపిస్తారని కుసుమగారు చెప్పారు. పంపులిచ్చిన సంస్థతో మాట్లాడి రెండో బోరుకు ఒప్పించారు. ఈసారి చోటు చూపించింది లచ్చమ్మే. పాత పంపు ఊడదీసి, బోరుకు ఇనుప మూత బిగించాం. మూత కింద నుంచి కూడా మూలుగు వస్తూనే ఉంది.

కొత్త బోరింగ్ పనిచేసిన రోజు లచ్చమ్మ మొదటి బిందె ఇంటికి తీసుకుపోలేదు. పాత బోరు దగ్గర కూర్చుని, మూత మీద కొద్దికొద్దిగా పోసింది.

"తాగు చెల్లె, తాగు."

మూలుగు ఆగిపోయింది. లచ్చమ్మ లేచి వచ్చి, చిన్నబిడ్డ దోసిట్లో నీళ్లు పోసింది.

మూత సందుల్లో నీళ్లు నిలిచి గాలి ఆగిందని ఆఫీసులో చెప్పాను. అందరూ నమ్మారు. కానీ ఆ తర్వాత నేను ఏ ఊళ్ళో బోరు వేయించినా, కింద నీళ్లున్నాయా అని చూసే ముందు ఊరివాళ్లను "ఇక్కడ ఎవరున్నరు?" అని అడిగేవాణ్ని.