పై అంతస్తు కుళాయిలు

జావా దీవిలోని మలాంగ్‌లో కాలేజీ వెనక సందులో ఉన్న ఆ తొమ్మిది గదుల ఇంటిని పదకొండేళ్లుగా అద్దెలకిచ్చి నడుపుతున్నది లాస్మిని. అంతకు ముందు కాలేజీ క్యాంటీనులో వంట చేసేది. తాళాలు తనే మారుస్తుంది, పెంకులు తనే సర్దుతుంది. అమ్మా అన్నట్టు అందరూ ఆమెను ‘ఇబూ’ అని పిలుస్తారు. ఈ పనులు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెడగొట్టి, మళ్లీ విప్పి చూసి నేర్చుకుంది.

ఆ ఏడు జులైలో పై అంతస్తులో ఉండే ఐదుగురు అమ్మాయిల్లో నలుగురు ఒకే వారంలో ఖాళీ చేశారు. “పిన్ని వాళ్లింటికి మారుతున్నా ఇబూ” అని ఒకతె, “ల్యాబు దూరమైపోతోంది ఇబూ” అని ఇంకొకతె. అందరూ నవ్వుతూ, వంగి ఆమె చేతిని నుదుటికి తాకించుకుని మరీ వెళ్లారు.

ఇంట్లో సగం వాటా ఉన్న అన్న దర్మాజి మర్నాడే వచ్చి కూర్చున్నాడు.

“వచ్చే శనివారం కాలేజీకి కొత్త పిల్లలు దిగుతారు. ఆ సాయంత్రానికి నాలుగు గదులూ నిండాయా సరే. లేదా, ఇల్లు మొత్తం బట్టల గోడౌనుకి ఇచ్చేద్దాం. అతను ఐదేళ్లకి రాసుకుంటానంటున్నాడు. నీకూ ఈ తలనొప్పి వదులుతుంది.”

“నా తలనొప్పి సంగతి నీకెలా తెలుసన్నయ్యా? ఒక్కసారైనా మేడ ఎక్కావా?”

“మోకాళ్ల నొప్పులే.”

“గోడౌనతను మోస్తాడేమో అడుగు.”

నోటితో అనేసింది గానీ, లాస్మిని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. శనివారానికి ఇంక తొమ్మిది రోజులే. వెంటనే వెళ్లి లేత గులాబీ రంగు డబ్బాలు రెండు తెచ్చి, పై గదుల గోడలకు వేయడం మొదలుపెట్టింది.

మిగిలిన ఒక్క అమ్మాయి తియుర్మా గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. జావా కాదు, వేరే దీవిలోని టోబా సరస్సు వైపు పిల్ల. గొంతు పెద్దది, మొహమాటం తక్కువ.

“రంగెందుకు ఇబూ?”

“గది అందంగా ఉంటే చేరతారు కదే.”

“ముఖం కడుక్కోవడానికి నీళ్లు లేకపోతే గోడ అందం చూస్తూ కూర్చుంటారా?”

లాస్మిని చేతిలో బ్రష్షు ఆగిపోయింది. “నీళ్లు లేకపోవడమేంటి? నెలనెలా అడుగుతూనే ఉన్నాగా! అంతా బాగుందనే అన్నారు!”

“వాళ్లు జావా పిల్లలు ఇబూ. ఇల్లు తగలబడుతున్నా, ‘పర్లేదండీ, వెచ్చగా ఉంది’ అంటారు. పొద్దున ఏడింటికి పైన చుక్క రాదు. వచ్చినా నాచు వాసన. నేను నాలుగింటికే స్నానం కానిచ్చేస్తాను కాబట్టి బతికిపోయా.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“మీరు వాళ్లని అడిగారు. నన్నెప్పుడు అడిగారు? నేను నోటికొచ్చినట్టు మాట్లాడతానని నా గది దాటి వెళ్లిపోయేవారు!”

లాస్మినికి నవ్వు, సిగ్గు ఒకేసారి ముంచుకొచ్చాయి. తనూ జావా మనిషే. క్యాంటీనులో ఇరవై ఏళ్లు పొగ మింగి కూడా పొగగొట్టం బాగాలేదని ఎవరితోనూ అనలేదు. అలాంటి తను, ‘బాగుంది’ అన్న మాటను నిజంగానే బాగుందని ఎలా నమ్మింది?

మర్నాడు ఏడింటికి కింద గదుల కుళాయిలన్నీ తిప్పించి, తను పైకి వెళ్లి కుళాయి తిప్పింది. అది గుర్రుమని గాలి వదిలి ఊరుకుంది. డాబా ఎక్కి చూస్తే ట్యాంకు మూత పగిలి ఓ పక్కకు జారిపోయి ఉంది. అడుగున జానెడు బురద. ట్యాంకు నుంచి దిగే ఒకే ఒక్క సన్నని పైపు పై గదులకూ కింద గదులకూ కలిపి నీళ్లు పంచుతోంది. కింద తిప్పితే పైన ఎండుతుంది. ఇంత చిన్న విషయం!

ఆమెకు ఉత్సాహం ఆగలేదు. తప్పేమిటో తెలిశాక సగం పని అయినట్టే. రంగు డబ్బాలు మూలకు నెట్టి, పైపుల పని చేసే జుమాదిని పిలిచింది. ఇద్దరూ ట్యాంకు ఖాళీ చేసి, లోపల కూర్చుని తోమారు. పై గదులకు విడిగా అంగుళం పైపు వేశారు. బురద లాక్కోకుండా ఆ పైపు రంధ్రం అడుక్కి నాలుగు వేళ్ల ఎత్తున పెట్టారు, బురద వదలడానికి అడుగున వేరే వాల్వు బిగించారు. కొత్త మూతను తీగతో కట్టారు. గురువారం సాయంత్రానికి అతుకులు పూర్తయ్యాయి.

“తిప్పి చూద్దామా ఇబూ?” అన్నాడు జుమాది, చేతులు దురద పెడుతున్నట్టు.

“జిగురు ఆరనీ. రేపు సాయంత్రం దాకా ముట్టుకున్నావంటే నీ వేళ్లు విరుస్తా.”

తనకూ ఆత్రంగానే ఉంది. అయినా నీళ్లు వదల్లేదు. శుక్రవారం సాయంత్రం తొమ్మిది కుళాయిలూ ఒకేసారి తిప్పితే పైన ధార తొట్టి అడుగును దబదబా కొట్టింది. తియుర్మా మేడ మీద నుంచి కేకపెట్టింది. లాస్మిని బకెట్టు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది.

శనివారం పదింటికల్లా మూడు గదులు నిండాయి. నాలుగోది, మూల గది, నిండలేదు. మూడింటికి దర్మాజి గోడౌనతన్ని వెంటబెట్టుకుని వచ్చి వసారాలో టీ తాగుతూ కూర్చున్నాడు. నాలుగింటికి బ్లిటార్ ఊరి నుంచి ఓ తల్లీ కూతురూ వచ్చారు. తల్లి గది అంతా కలియజూసి మెత్తగా నవ్వింది.

“చాలా బాగుంది ఇబూ. ఆలోచించుకుని వస్తాం.”

ఆ మాటకు అర్థం లాస్మినికి బాగా తెలుసు. వెనకటి రోజుల్లో అయితే తనూ నవ్వి సాగనంపేది. ఈసారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఏం బాగాలేదో చెప్పండి వదినగారూ.”

“అయ్యో, ఏం లేదండీ, అంతా బాగుంది...”

“మొన్నటిదాకా ఇక్కడ నీళ్లు కంపు కొట్టేవండీ!” అంది పక్క గదిలోంచి తియుర్మా. “నలుగురు పారిపోయారు. ఒక్కరూ చెప్పి చావలేదు!”

తల్లి నోరు తెరుచుకుని లాస్మిని వైపు చూసింది.

“నిజమే,” అంది లాస్మిని. “ఇప్పుడు బాగుచేశాను. తిప్పి చూడండి, వాసన చూడండి. ఇంకేం లోటున్నా మొహం మీద చెప్పండి, నాకు సంతోషం.”

తల్లి కుళాయి తిప్పింది, దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసింది. కూతురి వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించి అంది:

“మరేం లేదు... కిటికీకి లోపలి గడియ లేదండీ. కిటికీ కిందే ప్రహరీ గోడ ఉంది. ఎవరైనా ఎక్కొచ్చు. ఆడపిల్ల కదా.”

లాస్మిని ఆమె చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. పరుగున వెళ్లి పనిముట్ల పెట్టె, ఇనుప గడియ తెచ్చి అక్కడే స్టూలెక్కింది. పది నిమిషాల్లో గడియ బిగించి, మూడు సార్లు వేసి తీసి, తల్లి చేత కూడా వేయించింది. తియుర్మా ఆ గోడ ఎక్కి, బయటి నుంచి కిటికీ రెక్క పట్టుకుని శక్తికొద్దీ గుంజింది. కదల్లేదు.

“తీసుకుంటాం,” అంది కూతురు, తల్లి నోరు తెరిచేలోపే.

కింద వసారాలో ఆ మాట విన్న దర్మాజి టీ గ్లాసు పక్కన పెట్టి, గోడౌనతని వైపు తిరిగాడు. “ఇంకో ఇల్లు చూసుకోవయ్యా.”

పైన తాళం చెవి చేతికి వచ్చాక ఆ తల్లికి ధైర్యం వచ్చింది.

“ఇబూ, అడిగానని ఏమీ అనుకోకండేం... ఆ మంచం కోడు కూడా కొంచెం ఊగుతోంది.”

“ఊగుతోందా? ఏ కోడు?” అంటూ లాస్మిని సంబరంగా మంచం కిందికి దూరింది.